మోకాలి లోతు నీళ్ళలో సొరచేప

కిందటి జులైలో ఒక ఆదివారం నాలుగు కుటుంబాలం కలిసి న్యూజెర్సీ తీరంలో ఒక బీచ్‌కి వెళ్ళాం. కచ్చితంగా చెప్పాలంటే మూడు కుటుంబాలూ, నేనూ. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, రెండు గొడుగులు, ఒక చాప. మనవాళ్ళు సముద్రానికి వెళ్ళినా అది వనభోజనమే కదా! పిల్లలు ఒడ్డున ఇసకలో ఆడుతున్నారు. మేం ప్యాంట్లు మడుచుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గ్రీన్‌కార్డు కష్టాలు మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి లైఫ్‌గార్డులు ఈలలు వేస్తూ అందరినీ బయటికి రమ్మన్నారు. నీళ్ళలో ఏదో కనబడిందట.

"సొరచేపంట మామా" అన్నాడు మావాడు.

"మోకాలి లోతులో సొరచేపేంట్రా, దానికి ఈదడానికైనా చోటుండద్దూ?" అన్నాను నేను. అందరూ నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని, "మీ తెలివితేటలు ఒడ్డున కూర్చుని చూపిద్దురుగానీ, ముందు బయటికి రండి" అంది.

వచ్చాం. అరగంటకి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళనిచ్చారు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఊరికే వెతుకుతూ కూర్చుంటే తెలిసింది, నేనన్న మాటే వందేళ్ళ కిందట ఇదే తీరంలో చాలా పెద్దవాళ్ళు అన్నారని. నేను సరదాకి అన్నాను. వాళ్ళు శాస్త్రం చదువుకుని అన్నారు. 1916 జులైలో పన్నెండు రోజుల వ్యవధిలో ఐదుగురిని సొరచేప కరిచింది, నలుగురు చనిపోయారు. అందులో ముగ్గురిని కరిచింది సముద్రంలో కూడా కాదు, ఒక వాగులో.

అసలు కథ ఇంకో పాతికేళ్ళ ముందు మొదలవుతుంది. న్యూయార్కులో హెర్మన్ ఓల్‌రిక్స్ అని ఒక కోటీశ్వరుడు ఉండేవాడు. ఓడల కంపెనీ ఏజెంటు, గజ ఈతగాడు. సొరచేపలంటే జనానికున్న భయం ఉత్త పుకారని ఈయన గట్టి నమ్మకం. 1891లో న్యూయార్క్ సన్ పత్రికలో ఒక పందెం ప్రకటించాడు. నార్త్ కెరొలినాలోని కేప్ హాటరాస్‌కి ఉత్తరాన ఉన్న తీరంలో సొరచేప మనిషిని కరిచినట్టు ఎవరైనా రుజువు చూపిస్తే 500 డాలర్లు ఇస్తానన్నాడు. ఎవరూ వచ్చి అడగలేదు. 1906లో ఆయన పోయాడు. పందెం మాత్రం పోలేదు! "ఇన్నేళ్ళయినా ఎవరూ ఆ డబ్బు అడగలేదంటే అర్థమేంటి?" అని అందరూ దాన్నే ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టారు. 1915 ఆగస్టు 2న న్యూయార్క్ టైమ్స్ ఏకంగా సంపాదకీయమే రాసింది. పాపం సొరచేపలకి న్యాయం చేద్దాం అన్నది దాని శీర్షిక. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ డైరెక్టర్ ఫ్రెడరిక్ లూకస్ అప్పట్లో ఈ విషయంలో పెద్ద దిక్కు. మనిషి కాలి ఎముకని తెంపేంత బలం సొరచేప దవడకి లేదని ఆయన అభిప్రాయం. 1916 ఏప్రిల్‌లో జాన్ నికల్స్, రాబర్ట్ కుష్‌మన్ మర్ఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లాంగ్ ఐలండ్ సొరచేపల మీద ఒక శాస్త్రీయ నివేదిక ప్రచురించారు. లూకస్ గారి మాట అందులోనూ ఉంది.

మన భాషలో చెప్పాలంటే ఓల్‌రిక్స్ పెట్టింది ఒక బగ్ బౌంటీ. పాతికేళ్ళుగా ఒక్క బగ్గూ రిపోర్ట్ కాలేదు, కాబట్టి సిస్టమ్‌లో బగ్గుల్లేవు అని రిలీజ్ చేసేశారు. కానీ ఆ సిస్టమ్‌కి యూజర్లు ఎంతమంది? 1891లో సముద్రస్నానం అంటే ఒడ్డున పాతిన స్తంభాలకి కట్టిన తాడు పట్టుకుని, ఒంటినిండా ఉన్ని బట్టలతో, నాలుగు మునకలేసి రావడం. అలలు దాటి ఈతకొట్టేవాళ్ళు బహు తక్కువ. తర్వాత పాతికేళ్ళలో ఈత ఒక ఫ్యాషన్ అయింది. నీళ్ళలో ఉండే మనుషులు ఎన్నో రెట్లు పెరిగారు. భద్రత గురించిన నమ్మకం మాత్రం ఎవరూ ఈదని రోజుల్లో పుట్టింది. ప్రొడక్షన్ లోడ్ అంతా పెరిగాక పాత టెస్ట్ రిపోర్ట్ చూపించడం నేను కూడా చేశాను కాబట్టి వాళ్ళని ఎక్కువ అనలేను.

1916 వేసవిలో ఇంకో కారణం కూడా కలిసింది. ఎండలు మండిపోతున్నాయి, పైగా న్యూయార్కులో పోలియో. ఆ ఏడాది ఒక్క ఆ నగరంలోనే రెండువేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పసిపిల్లలు. స్థోమత ఉన్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని తీరానికి పరుగెత్తారు.

జులై 1, శనివారం. (ఐరోపాలో సోమ్ యుద్ధం మొదలైంది కూడా ఆ రోజే. ఆ ఒక్కరోజులో బ్రిటిష్ సైనికులు పంతొమ్మిది వేలమందికి పైగా చనిపోయారు. ప్రపంచం దృష్టి ఎక్కడుందో ఊహించుకోండి.) బీచ్ హేవెన్ అనే ఊళ్ళో ఎంగిల్‌సైడ్ హోటల్‌కి ఫిలడెల్ఫియా నుంచి చార్లెస్ వాన్‌సాంట్ అనే పాతికేళ్ళ కుర్రాడు కుటుంబంతో వచ్చాడు. సాయంత్రం భోజనానికి ముందు ఒకసారి ఈతకొట్టొద్దామని నీళ్ళలోకి దిగాడు. ఒడ్డున ఆడుకుంటున్న ఒక కుక్క కూడా అతనితో పాటు దిగింది. కాసేపటికి అతను అరవడం మొదలుపెట్టాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు కుక్కని పిలుస్తున్నాడనుకున్నారు.

నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ భయం వేసింది ఈ వాక్యం దగ్గరే. అతను మరీ దూరంలో లేడు, ఒడ్డుకి దగ్గర్లో లోతు లేని నీళ్ళలోనే ఉన్నాడు. మోకాలు కాకపోతే నడుం అనుకోండి. అందరికీ కనబడుతున్నాడు, వినబడుతున్నాడు. అయినా ఆ అరుపు ఏమిటో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే సొరచేప అన్నది వాళ్ళ బుర్రలో ఉన్న జాబితాలోనే లేదు. అలెగ్జాండర్ ఆట్ అనే లైఫ్‌గార్డు, ఇంకో ఆయన కలిసి అతన్ని బయటికి లాక్కొచ్చారు. లాగుతున్నంతసేపూ సొరచేప వెంటబడే వచ్చిందని వాళ్ళు చెప్పారు. ఎడమ తొడ కండ మొత్తం ఊడిపోయింది. హోటల్ మేనేజర్ బల్ల మీద పడుకోబెడితే, రక్తం ఆగక అక్కడే ప్రాణం పోయింది.

బీచ్‌లు మూయలేదు. పెన్సిల్వేనియాలో మత్స్యశాఖ కమిషనర్‌గా పనిచేసిన ఒకాయన, సొరచేప కుక్క కోసం వచ్చి ఉంటుంది, మనిషి పొరపాటున అడ్డం వచ్చాడు అని వివరించాడు. ఓడరేవులకి వచ్చే కెప్టెన్లు మాత్రం పెద్ద పెద్ద సొరచేపలు తీరానికి దగ్గరగా ఈదుతున్నాయని చెబుతూనే ఉన్నారు. వాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఐదు రోజుల తర్వాత, జులై 6న, ఉత్తరాన డెబ్భై కిలోమీటర్ల దూరంలో స్ప్రింగ్ లేక్. అక్కడ ఎసెక్స్ అండ్ ససెక్స్ అనే పెద్ద హోటల్లో సామాన్లు మోసే కుర్రాళ్ళ మీద పెద్దగా పనిచేసే చార్లెస్ బ్రూడర్, స్విట్జర్లాండ్ వాడు, మధ్యాహ్నం ఈతకి దిగాడు. ఇతను మంచి ఈతగాడు, ఒడ్డుకి నూటముప్ఫై గజాల దూరం వెళ్ళాడు. ఒడ్డున ఒకావిడ ఎర్రటి పడవ తిరగబడిందని లైఫ్‌గార్డులకి కేకేసింది. ఆ ఎరుపు పడవ రంగు కాదు. వాళ్ళు పడవేసుకుని వెళ్ళి పైకి తీసేసరికి కాళ్ళు లేవు. ఒడ్డుకి చేరేలోపే చనిపోయాడు. హోటల్లో దిగినవాళ్ళూ పనివాళ్ళూ చందాలు వేసుకుని స్విట్జర్లాండ్‌లో ఉన్న అతని తల్లికి డబ్బు పంపారు.

ఇప్పుడిక అందరూ కదిలారు. కొన్ని బీచ్‌ల చుట్టూ ఇనుప వల కట్టారు, తుపాకులతో మోటారు పడవలు తిప్పారు. జులై 8న లూకస్, నికల్స్, మర్ఫీ ముగ్గురూ విలేకరులని పిలిచి మాట్లాడారు. మూడోసారి ఇలా జరగడం అరుదు అన్నారు. ముగ్గురిలో చేపల మీద ప్రత్యేకంగా పనిచేసిన నికల్స్ ఒక్కడే ఈదేవాళ్ళు ఒడ్డుకి దగ్గరగా ఉండండి, వలలు ఉన్నచోటే ఈదండి అని హెచ్చరించాడు. ఒడ్డుకి దగ్గరగా ఉండమన్నారు! వాన్‌సాంట్ ఉన్నది అక్కడే కదా. ఇంకోపక్క జనం పత్రికలకి ఉత్తరాలు రాస్తున్నారు, ఇదంతా జర్మన్ జలాంతర్గాముల వల్లే అని. అది కూడా మరీ పిచ్చి మాటేం కాదు లెండి, అదే వారం 'డాయ్‌చ్‌లాండ్' అనే జర్మన్ సరుకు జలాంతర్గామి బాల్టిమోర్ రేవుకి నిజంగానే వచ్చింది. మనిషికి భయం వేసినప్పుడు చేతికి దొరికిన వార్తలన్నిటినీ దారంతో కుట్టేస్తాడు.

ఇక మాటవాన్. ఎడిసన్, ఐసెలిన్ వైపు ఉండే తెలుగువాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. వుడ్‌బ్రిడ్జ్‌లో ఎక్కితే లాంగ్ బ్రాంచ్ వెళ్ళే రైలు అబర్డీన్-మాటవాన్ స్టేషన్లో ఆగుతుంది. సముద్రం పక్కన ఉండే ఊరు కాదు. ఊరి పక్కనుంచి ఒక సన్నటి వాగు మెలికలు తిరుగుతూ వెళ్ళి రారిటన్ అఖాతంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు వాగులోకి ఎగదన్నుతాయి, ఆటు వచ్చినప్పుడు బురద తేలుతుంది. మన గోదావరి లంకల దగ్గర కాలవలు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

జులై 12, బుధవారం. పున్నమి ఇంకో రెండు మూడు రోజుల్లో ఉంది, పోటు బాగా వస్తున్న రోజులు. థామస్ కాట్రెల్ అనే రిటైరైన ఓడ కెప్టెన్ వాగు ఒడ్డున వెళుతూ, నీళ్ళలో ఎనిమిదడుగుల సొరచేప ఎదురెక్కి ఊరివైపు పోతుంటే చూశాడు. జీవితమంతా సముద్రం మీద గడిపినవాడు, చూసినదేంటో తెలియకపోవడానికి. గబగబా ఊళ్ళోకి వెళ్ళి చెప్పాడు. ఎండ దెబ్బ తగిలిందనుకున్నారో ఏమో, ఎవరూ నమ్మలేదు. వాగులో సొరచేపా? నేను మొన్న నవ్విన నవ్వే వాళ్ళూ నవ్వి ఉంటారు.

మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలు కొందరు వైకాఫ్ డాక్ అనే పాత రేవు దగ్గర స్నానాలకి దిగారు. ఎండాకాలం, ఊరి వాగు, మగపిల్లలు. కట్టెల మీంచి దూకడం, మునగడం, మళ్ళీ ఎక్కి దూకడం. నీళ్ళలో ఏదో పాత చెక్కలాంటిది తేలుతున్నట్టు వాళ్ళకి కనబడింది. తర్వాత దాని మీద రెక్క కనబడింది. అందరూ ఒడ్డుకి పడ్డారు, లెస్టర్ స్టిల్‌వెల్ అనే పదకొండేళ్ళ పిల్లాడు తప్ప. మిగతావాళ్ళు ఒంటిమీద నూలుపోగు లేకుండా సొరచేప, సొరచేప అని అరుస్తూ ఊళ్ళోకి పరిగెత్తారు.

ఒకేరోజు రెండో హెచ్చరిక. ఈసారి చూసినవాళ్ళు ఒకరు కాదు, అంతమంది. అయినా పెద్దవాళ్ళు నమ్మలేదు. లెస్టర్‌కి మూర్ఛ ఉందని ఊరందరికీ తెలుసు. పాపం నీళ్ళలో ఫిట్స్ వచ్చి మునిగిపోయాడు, పిల్లలు బెదిరిపోయి ఏదో అంటున్నారు అనుకున్నారు. పిల్లాణ్ణి వెతకడానికి నీళ్ళలోకి దూకారు. వాళ్ళలో స్టాన్లీ ఫిషర్ అని ఇరవైనాలుగేళ్ళ దర్జీ, ఆజానుబాహువు. లోపల మునిగి వెతికి వెతికి లెస్టర్ శరీరాన్ని పట్టుకున్నాడు. ఒడ్డున ఊరంతా చూస్తుండగానే సొరచేప అతని తొడ పట్టుకుంది. పిల్లాడి శరీరం చేజారిపోయింది. ఫిషర్‌ని ఒడ్డుకి చేర్చి, లాంగ్ బ్రాంచ్ ఆస్పత్రికి రైల్లో తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే చనిపోయాడు.

ఫిషర్‌ని మూర్ఖుడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సొరచేప ఉందని నూటికి నూరుపాళ్ళు తెలిసినా బహుశా దూకేవాడేమో, కొందరు అలాంటివాళ్ళుంటారు. కానీ అతనికి అది తెలిసి నిర్ణయించుకునే అవకాశం ఊరు ఇవ్వలేదు. పొద్దున్న ఒక ముసలాయన చెప్పింది విని ఒక్క మనిషిని రేవు దగ్గర నిలబెట్టి ఉంటే పిల్లలే నీళ్ళలో ఉండేవాళ్ళు కాదు.

దీనికి అరగంట తర్వాత, అక్కడికి అరమైలు దూరంలో, అదే వాగులో జోసెఫ్ డన్ అనే ఇంకో పిల్లాడి కాలు పట్టుకుంది. అన్నా, అన్న స్నేహితుడూ చెరోచేయి పట్టుకుని సొరచేపతో గుంజులాడి లాక్కున్నారు. కాలు దక్కింది. సెప్టెంబర్ 15 దాకా ఆస్పత్రిలో ఉండి ఇంటికెళ్ళాడు. ఐదుగురిలో బతికింది ఇతనొక్కడే. లెస్టర్ శరీరం జులై 14న వాగులోనే పైన దొరికింది.

అప్పటిదాకా ఏమీ నమ్మనివాళ్ళు ఇప్పుడు అన్నీ నమ్మేశారు. వాగులో డైనమైట్ పేల్చారు, వలలు కట్టారు, తుపాకులతో నీళ్ళలోకి కాల్చారు. తీరం పొడుగునా సొరచేపల వేట. అధ్యక్షుడు విల్సన్ (న్యూజెర్సీ మాజీ గవర్నరే) మంత్రివర్గంలో ఈ విషయం చర్చకి వచ్చింది. హోటళ్ళకి రెండున్నర లక్షల డాలర్ల నష్టం అని ఒక అంచనా. ఆ నవంబర్ ఎన్నికల్లో విల్సన్ గెలిచాడు గానీ సొంత రాష్ట్రం న్యూజెర్సీలో ఓడిపోయాడు. తీరప్రాంత జిల్లాల్లో ఓట్లు తగ్గింది సొరచేపల వల్లేనని ఏకన్, బార్టెల్స్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2000ల్లో రాస్తే, ఆ లెక్క నిలబడదని 2018లో ఇంకో ఇద్దరు రాశారు. డేటా చేతిలో ఉన్నవాళ్ళు కొట్టుకోవడానికి వందేళ్ళయినా సరే, పాత విషయం కావాలంతే :)

జులై 14నే రారిటన్ అఖాతంలో, వాగు కలిసేచోటికి కొన్ని మైళ్ళ దూరంలో, మైకేల్ ష్లైసర్ అనే ఆయన చిన్న పడవలో వల లాగుతుంటే ఏడున్నర అడుగుల సొరచేప పడింది. ఈయన వృత్తి చచ్చిన జంతువులకి తోలు నింపి బొమ్మలు చేయడం, అంతకుముందు సర్కస్‌లో సింహాలని ఆడించేవాడు. (సినిమా రచయిత ఇలాంటి పాత్ర రాస్తే అతికినట్టు లేదని కొట్టేస్తారు.) విరిగిన తెడ్డుతో కొట్టి చంపాడు. 325 పౌన్ల బరువు. కోసి చూస్తే కడుపులో మాంసం, ఎముకలు దొరికాయి, అవి మనిషివేనని అప్పటి శాస్త్రవేత్తలు తేల్చారు. అది వయసులో చిన్నదైన తెల్ల సొర, అంటే గ్రేట్ వైట్ షార్క్. ఆ తర్వాత ఆ వేసవిలో అక్కడ దాడులు జరగలేదు. బొమ్మగా చేసి మన్‌హాటన్‌లో ఒక షాపు కిటికీలో పెట్టారు గానీ తర్వాత అది ఏమైపోయిందో పత్తా లేదు. లేకపోతే ఈపాటికి డీఎన్ఏ పరీక్షతో గొడవ తేలిపోయేది.

ఎందుకంటే గొడవ ఇప్పటికీ ఉంది. సముద్రంలో జరిగిన రెండూ తెల్ల సొర పనే కావచ్చు, కానీ వాగులో జరిగింది బుల్ షార్క్ పని అని చాలామంది అంటారు. మామూలుగా సొరచేప రక్తంలో యూరియా, ఉప్పు ఎక్కువ. మంచినీళ్ళలోకి వస్తే నీళ్ళు ఒంట్లోకి దూరి, ఉప్పు బయటికి పోయి బతకలేదు. బుల్ షార్క్ శరీరం అలా కాదు. ఒంట్లో యూరియా తగ్గించుకుని, మూత్రపిండాలతో నీళ్ళు తోడిపోసి, ఉప్పుని కాపాడుకుని సర్దుకుపోతుంది. 1937లో మిసిసిపి నదిలో ఇలినాయ్‌లోని ఆల్టన్ దాకా ఒకటి వెళ్ళింది, సముద్రానికి వెయ్యి మైళ్ళకి పైనే. నికరాగువా సరస్సులోకి, ఆఫ్రికాలో జాంబెజీలోకి, మన గంగలోకి కూడా వెళతాయి. గంగలో గంగా సొర అని వేరే అరుదైన జాతి ఉంది, బుల్ షార్క్ చేసిన పనులు చాలావరకు పాపం దాని ఖాతాలో పడ్డాయి. అయితే 1916 జులై 12న పోటుకి మాటవాన్ వాగులో ఉప్పు బాగానే ఉండి ఉంటుంది కాబట్టి తెల్ల సొర కూడా రావచ్చు అని రెండోపక్షం. నాకైతే రెండు చేపలు అన్నదే సబబనిపిస్తుంది.

ఏ చేపైనా, లోతు లేని నీళ్ళలోకి ఎందుకొస్తుందన్నది మాత్రం ఇప్పుడు బాగానే తెలుసు. తిండి కోసం. తీరంలో ఇసకదిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఒక గుంటలా ఉంటుంది, చిన్న చేపలు అందులో గుంపులు కడతాయి. న్యూజెర్సీలో అయితే మెన్‌హేడెన్, ఇక్కడి జాలర్లు బంకర్ అంటారు. ఆ గుంపు వెనక పెద్ద చేప. నదీముఖాల్లో నీళ్ళు మురిగ్గా ఉంటాయి, దానికి మనం సరిగా కనపడం, కాలో చేయో చేపలాగా అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు చెప్పే జాగ్రత్తలన్నీ చాలా మామూలుగా ఉంటాయి. పక్షులు నీళ్ళలోకి దూకుతున్నా, చేపలు ఎగిరెగిరి పడుతున్నా అక్కణ్ణుంచి వచ్చేయాలి. తెల్లవారుజామున, చీకటిపడే వేళ, వాన పడి నీళ్ళు బురదగా ఉన్నప్పుడు దిగకూడదు. ఒంటరిగా ఈదకూడదు, మెరిసే నగలు తీసేయాలి (మన ఆడవాళ్ళకి ఇది చెప్పే ధైర్యం ఎవరికుంది). జాలర్లు ఎరలు వేసేచోట, సీల్స్ ఉండేచోట అసలు వద్దు. ముక్కుగొట్టం పెట్టుకుని మునిగి చూసేవాళ్ళు ఎప్పుడూ కింద ఉన్న రంగురంగుల చేపలనే కాకుండా అప్పుడప్పుడు చుట్టూ, వెనక్కీ చూడాలి. ఎదురుపడితే దానివైపే చూస్తూ, గట్టిగా కొట్టుకోకుండా వెనక్కి రావాలి. ఈ జాగ్రత్తల్లో చాలావాటి వెనక ఏళ్ళ తరబడి పోగేసిన కేసులున్నాయి. 1958లో అమెరికా నౌకాదళం డబ్బుతో మొదలై, ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న ఇంటర్నేషనల్ షార్క్ ఎటాక్ ఫైల్ పని అదే. 1916 దాకా ఎవరూ చేయని పని, అంటే పందెం కాయకుండా లెక్క రాసుకోవడం.

ఆ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి సొరచేపలు తమంతట తాము వచ్చి కరిచేవి అరవై డెబ్భై, చనిపోయేవాళ్ళు సగటున ఆరుగురు. మన విశాఖ, బాపట్ల బీచ్‌లలో అలలకి కొట్టుకుపోయిన కుర్రాళ్ళ వార్తలు చదివినవాళ్ళకి అసలు ప్రమాదం ఏదో వేరే చెప్పక్కర్లేదు. పైగా మనం సొరపుట్టు వండుకుని బాలింతలకి పెట్టే జాతి, ఎవరు ఎవర్ని చూసి భయపడాలో సొరచేపకే తెలియాలి.

కానీ అరుదు అన్న మాటని 1916లో ఎలా వాడారో చూశాక నాకు ఆ మాట మీద కొంచెం అనుమానం. లూకస్ చెప్పిన 'అరుదు' తప్పు కాదు. నిజంగానే అరుదు. ఆయన సగటు గురించి మాట్లాడుతున్నాడు, కాట్రెల్ ఆ పొద్దున ఆ వాగులో ఉన్న ఒక్క చేప గురించి మాట్లాడుతున్నాడు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. సగటు చూపించి అలారం ఆపేశారు. (లూకస్ బృందంలో నికల్స్, మర్ఫీ తర్వాత తమ అభిప్రాయం మార్చుకున్నారు, అది చాలామంది చేయని పని.)

ఈ తేడా ఇప్పుడు ఇంకా అవసరం. అమెరికాలో 1972లో సీల్స్‌కి చట్టరక్షణ వచ్చింది, 1997లో అట్లాంటిక్‌లో తెల్ల సొరని పట్టడం నిషేధించారు. రెండూ మంచివే. సీల్స్ పెరిగాయి, వాటికోసం సొరలు మళ్ళీ ఒడ్డుకి వస్తున్నాయి. మసాచుసెట్స్‌లో 1936 తర్వాత ఒక్కరూ చనిపోలేదు. ఎనభై రెండేళ్ళు! ఓల్‌రిక్స్ బతికుంటే ఇంకో పందెం కాసేవాడు. 2018 సెప్టెంబర్‌లో కేప్ కాడ్‌లోని వెల్‌ఫ్లీట్ దగ్గర, ఒడ్డుకి దగ్గరలోనే, ఇరవయ్యారేళ్ళ యువకుడు చనిపోయాడు. ఆ బీచ్‌లో ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. ఆ తర్వాత అక్కడి బీచ్‌లలో అత్యవసర ఫోన్లు, రక్తం ఆపే కట్ల పెట్టెలు పెట్టారు. వాన్‌సాంట్ పోయింది కూడా రక్తం ఆగకే.

అక్కడ 2016 నుంచి షార్క్‌టివిటీ అని ఒక యాప్ ఉంది. ట్యాగ్ వేసిన సొరచేప రిసీవర్ దగ్గరికొస్తే అందులో కనబడుతుంది. మామూలు జనం కూడా చూసింది ఫొటోతో పంపొచ్చు, నిర్ధారణ కానివి కానివిగానే చూపిస్తారు. నాకు నచ్చింది ఆ చివరిదే. కాట్రెల్ మాట నిజమో కాదో తేలకముందే, ఎవరో ఒకాయన ఇక్కడ ఇది చూశానంటున్నాడు అని వైకాఫ్ డాక్ పిల్లలకి తెలిసేది.

ఆ తర్వాతి శనివారం నేనొక్కణ్ణే రైలెక్కి మాటవాన్‌లో దిగాను. వాగు చాలా చిన్నది, గోధుమరంగు నీళ్ళు, ఆటు సమయం కాబట్టి రెండువైపులా బురద, రెల్లు. అవతల ఒడ్డున ఉన్నవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడచ్చు. ఇందులో సొరచేప అని ఎవరైనా చెబితే, ఇదంతా చదివిన తర్వాత కూడా, నేను నమ్ముతానా అని కాసేపు నిలబడి చూశాను. రోజ్ హిల్ శ్మశానంలో లెస్టర్‌ది, ఫిషర్‌ది సమాధులు ఉన్నాయి. పిల్లాడి సమాధి దగ్గర ఎవరో చిన్న చిన్న బొమ్మలు పెట్టి వెళ్ళారు. వదినకి ఫొటో పంపితే, "వచ్చేవారం బీచ్ ప్రోగ్రాం ఉంది, ఈసారి లైఫ్‌గార్డు ఈలేస్తే నువ్వే ముందు బయటికి రావాలి" అని జవాబిచ్చింది. సరే అన్నాను.